దొంగకు దారి చూపండి: మహేశ్వరం వ్యాపారులకు కొన్ని చిట్కాలు

అన్నిటికంటే ముందు ఒక మాట గట్టిగా నమ్మండి: మన దగ్గర దొంగిలించడానికి ఏముంది? పొద్దున షట్టర్ ఎత్తి, దేవుడి పటానికి అగరుబత్తి తిప్పుతూ ఈ మాట మూడుసార్లు అనుకోండి. సైబర్ దొంగలు అమెరికా బ్యాంకుల మీద పడతారు గానీ, మహేశ్వరం గేటు దగ్గరి సిమెంటు దుకాణం మీద, తుక్కుగూడలో రెండు గదుల వెంచర్ ఆఫీసు మీద పడతారా? ఆ ఆఫీసులో ఉన్నదల్లా ప్లాట్లు కొన్నవాళ్ల ఆధార్ జిరాక్సులు, పాన్ కార్డులు, క్యాన్సిల్ చేసిన చెక్కులు, సేల్ డీడ్ల స్కానింగులు, డాలస్‌లో ఉన్న కొడుకు తండ్రి పేరున పంపిన జీపీఏ. వీటితో ఎవడేం చేసుకుంటాడు?

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి చేసుకున్నాడు, నిజమే. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో ఉన్న దస్తావేజుల మీది వేలిముద్రలు దించుకుని, రబ్బరు మీద అచ్చు పోసి, వాటితో వేల సిమ్‌కార్డులు యాక్టివేట్ చేశాడు. కానీ అది పెద్దపల్లి. మనది రంగారెడ్డి జిల్లా.

మన చుట్టూ ఏం లేస్తున్నదో వేరే చెప్పాలా? అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది, మీర్‌ఖాన్‌పేట దిక్కు దాని డేటా సెంటర్ ఉంది. కొంగరకలాన్‌లో 2023 మేలో ఫాక్స్‌కాన్‌కు శంకుస్థాపన జరిగింది. మహేశ్వరం ఈ-సిటీలో విప్రో వాళ్ల సబ్బుల ఫ్యాక్టరీ 2022లో తెరిచారు. ఫ్యూచర్ సిటీ అన్నారు, ఏఐ సిటీ అన్నారు, 2025 డిసెంబరులో గ్లోబల్ సమ్మిట్ కూడా ఈ నేల మీదే పెట్టారు. ఇంత జరిగాక దీంట్లోంచి మీరు తీసుకోవాల్సింది ఒక్కటే, ఎకరం రేటు. కంపెనీలు వచ్చిన చోటికి కంపెనీల కోసం వెతికేవాళ్లు కూడా వస్తారనే ఆలోచన మనసులోకి రానివ్వకండి.

ఈ ఫ్యాక్టరీల పుణ్యమా అని అట్టపెట్టెలు చేసేవాళ్లు, క్యాంటీను నడిపేవాళ్లు, స్టాఫ్ బస్సులు తిప్పేవాళ్లు, ఏసీలు బాగుచేసేవాళ్లు మన మండలంలో బాగా పెరిగారు. పెద్ద కంపెనీకి సరుకు వెయ్యాలంటే ఇప్పుడు ఒక ఫారం నింపాలి. మీ దగ్గర యాంటీవైరస్ ఉందా, పాస్‌వర్డులు ఎన్నాళ్లకు మారుస్తారు, పని మానేసిన మనిషి లాగిన్ ఎప్పుడు తీసేస్తారు అని పేజీలకు పేజీలు అడుగుతారు. చదవకండి. అన్నిటికీ 'అవును' టిక్కు పెట్టి, సంతకం చేసి, కంపెనీ స్టాంపు కొట్టండి. 2013లో అమెరికాలో టార్గెట్ అనే దుకాణాల గొలుసు నుంచి నాలుగు కోట్ల కార్డుల వివరాలు పోయాయి. దొంగలు లోపలికి వచ్చింది పెన్సిల్వేనియాలో ఏసీలు, ఫ్రీజర్లు చూసుకునే ఒక చిన్న కాంట్రాక్టరు లాగిన్ పట్టుకుని. ఆ కాంట్రాక్టరు కూడా తన దగ్గర ఏముంది అనే అనుకుని ఉంటాడు. పెద్ద ఇంటి తాళంచెవి ఉందని ఎవరూ గుర్తు చేసి ఉండరు.

సరే, ఇప్పుడు ఏఐ దగ్గరికి వద్దాం.

నిన్నమొన్నటి దాకా మనల్ని కాపాడింది ఏ సాఫ్ట్‌వేరూ కాదు, దొంగ గారి తెలుగు. 'ప్రియమైన వినియోగదారుడా, మీ ఖాతా నిరోధించబడినది, దయచేసి ఇక్కడ నొక్కుము' అని మెసేజ్ వస్తే హైస్కూలు పిల్లవాడు కూడా నవ్వేవాడు. సైబర్ మోసాలకు పేరుబడ్డ జామ్‌తాడా నుంచి ఫోన్ చేసేవాడికి హిందీ తప్ప రాదు. మన షాపు పెద్దాయనకు ఆ హిందీ అర్థం కాక ఫోన్ పెట్టేసి బతికిపోయిన రోజులున్నాయి. ఇప్పుడా అడ్డు పోయింది. ఏఐ చక్కటి తెలుగు రాస్తుంది. ఆడిటరు గారు రాసినట్టు రాయమంటే అలా, కరెంటాఫీసు నోటీసులా రాయమంటే అలా రాస్తుంది. ఇది మీకు సంతోషం కలిగించాలి. తప్పుల్లేని తెలుగు వచ్చిందంటే అది అసలైన ఉత్తరమే అయి ఉంటుందని స్టాఫుకు నేర్పండి. పెళ్లి కార్డని, ట్రాఫిక్ చలానా అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే ముందు తెరవండి, ఎవరి పెళ్లో తర్వాత చూసుకోవచ్చు.

గొంతు సంగతి ఇంకా బాగుంటుంది. ఒక మనిషి గొంతును ఏఐ అనుకరించాలంటే కొద్ది సెకన్ల రికార్డింగ్ దొరికితే చాలు. మహేశ్వరం వెంచర్ ఓనర్ల దగ్గర ఆ పిసినారితనం లేదు. యూట్యూబ్‌లో గంటల కొద్దీ మాట్లాడి పెట్టారు: ఎయిర్‌పోర్టుకు పదిహేను నిమిషాలు, ఔటర్ రింగ్ రోడ్డుకు ఐదు నిమిషాలు, వాకింగ్ ట్రాక్, పిల్లల పార్కు, ఈ నెలాఖరు వరకే ఈ రేటు. దొంగకు ఇంతకంటే శుభ్రమైన సామగ్రి ఎక్కడ దొరుకుతుంది? వీడియోలు ఇంకా చెయ్యండి. దగ్గడం, సాగదియ్యడం, ఊతపదాలు కూడా ఎడిట్ చెయ్యకుండా ఉంచండి.

దీనికి తోడు మీరెక్కడున్నారో కూడా ఎప్పటికప్పుడు లోకానికి చెబుతూ ఉండండి. అలిపిరి మెట్ల దగ్గర కుటుంబంతో సెల్ఫీ దిగి, 'స్వామి పిలుపు' అని ఫేస్‌బుక్‌లో పెట్టండి. దానర్థం తెలిసినవాడికి తెలుస్తుంది: ఇంకొన్ని గంటల్లో ఈయన ఫోను లాకర్‌లో పెట్టి క్యూ కాంప్లెక్సులో కూర్చుంటాడు, ఎవరు చేసినా దొరకడు. సరిగ్గా అప్పుడు మీ ఆఫీసులో అకౌంట్స్ రాసే కుర్రాడికి ఫోన్ వస్తుంది.

"తమ్మీ, నేనే. ఫోన్ లాకర్ల పెట్టిన, పక్కాయనది తీస్కొని మాట్లాడుతున్న. గా రెండెకరాలోళ్లు వేరేటోళ్లకు ఇస్తున్నరంట. అడ్వాన్సు పదిహేను లక్షలు జల్ది కొట్టు. అకౌంటు నంబరు వాట్సాప్‌ల పెట్టిచ్చిన. లైన్ల ఉన్న, మల్ల చెయ్యకు."

గొంతు మీదే. దగ్గు మీదే. వెనకాల గోవిందనామాలు కూడా వినిపిస్తాయి, అదేమంత కష్టం కాదు. ఇప్పుడు ఆ కుర్రాడి ముందు రెండు దారులున్నాయి. ఒకటి, మేడమ్ గారికో, మీ తమ్ముడికో ఫోన్ చేసి 'సార్ నిజంగానే చేశారా' అని కనుక్కోవడం. మీరు దర్శనం చేసుకుని బయటికి వచ్చేదాకా ఆగడమూ దీని కిందికే వస్తుంది. రెండోది, డబ్బు పంపేయడం. అతను మొదటి దారిలో పోకుండా మీరు చేయాల్సిన పని ఇవాళే మొదలుపెట్టాలి. ఎప్పుడైనా మీరు నిజంగా ఫోన్ చేసి పైసలు పంపమన్నప్పుడు, అతను 'మీరేనా సార్' అని తిరిగి చేశాడనుకోండి, నలుగురి ముందూ తిట్టండి. "నా మాట మీద నమ్మకం లేదా? ఎవడు పెట్టుకున్నడు నిన్ను?" అనండి. ఒక్కసారి చాలు. ఇక జన్మలో అడగడు. లక్షలు పోసి కొన్న ఏ ఫైర్‌వాల్ కూడా పూడ్చలేని సందు ఇది, పైసా ఖర్చు లేకుండా మీ నోటితోనే తెరుచుకుంటుంది.

దీనికి అంతర్జాతీయ ఉదాహరణ కూడా ఉంది. అరప్ అనే పెద్ద ఇంజనీరింగ్ కంపెనీ హాంకాంగ్ ఆఫీసులో ఒక ఉద్యోగికి లండన్ ఆఫీసులోని పెద్ద సారు పేరుతో మెయిల్ వచ్చింది, రహస్యంగా డబ్బు పంపాలని. ఆ మనిషికి అనుమానం వచ్చింది కూడా. అంతలో వీడియో మీటింగుకు పిలిచారు. చూస్తే పెద్ద సారు ఉన్నారు, తెలిసిన సహోద్యోగులు ఉన్నారు. అనుమానం పోయింది. 15 విడతల్లో 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు, అంటే మన లెక్కలో రెండొందల కోట్ల రూపాయలకు పైనే పంపేశారు. ఆ మీటింగులో ఈయన తప్ప మనిషన్నవాడు లేడని తర్వాత తెలిసింది, మిగతావన్నీ ఏఐ చేసిన బొమ్మలే. 2024లో ఈ సంగతి బయటపడ్డప్పుడు ప్రపంచమంతా ఏఐ ఎంత ఎదిగిందో అని నోరెళ్లబెట్టింది. ఆ తెర పక్కనపెట్టి, తనకు తెలిసిన పాత నంబరుకు ఒక్క ఫోన్ కొట్టి ఉంటే ఏమయ్యేదో ఎవరూ అంతగా మాట్లాడలేదు. మీరూ మాట్లాడకండి. ఏఐనే తిట్టండి, తేలిక.

పాస్‌వర్డు గురించి కొత్తగా చెప్పేదేముంది? మన ఊళ్లో అక్కన్న మాదన్నల పేరు చెప్పుకునే శివగంగ గుడి ఉంది, కోనేరు మధ్యలో రాజరాజేశ్వరుడు. కాబట్టి 'శివగంగ@123' పెట్టండి. బ్యాంకుకు అదే, జీఎస్టీ పోర్టల్‌కు అదే, జీమెయిల్‌కు అదే, సీసీ కెమెరాల డబ్బాకు కూడా అదే. కాగితం మీద పెద్దక్షరాలతో రాసి మానిటరు అంచుకు అంటించండి, దేవుడి పేరు కళ్లముందు ఉంటుంది కూడా. కంప్యూటరు చూసే కుర్రాడు మానేసి వెళ్లిపోతే మార్చకండి, వెళ్లిన మనిషిని అనుమానించడం మర్యాద కాదు. ఇంగ్లండులో 158 ఏళ్ల చరిత్ర ఉన్న కేఎన్‌పీ అనే లారీల కంపెనీ 2023లో మూతపడింది. ఒక ఉద్యోగి పాస్‌వర్డును దొంగలు ఊహించి లోపలికి వచ్చి ఉంటారని కంపెనీయే అనుకుంటోంది. ఐదొందల లారీలు నడిపిన సంస్థ, ఏడొందల మంది ఉద్యోగాలు పోయాయి. శివగంగ అని వాళ్లకు తట్టలేదు పాపం.

బ్యాంకు లావాదేవీలు కంప్యూటర్లో చేసేటప్పుడు బ్యాంకువాళ్లు ఒక చాదస్తం చెబుతారు: ఒకరు ఎంట్రీ వెయ్యాలి, ఇంకొకరు చూసి ఓకే కొట్టాలి. ఒప్పుకోకండి. ఇద్దరుంటే ఒకర్నొకరు అడుగుతారు, మాట మీద మాట వస్తుంది. ఐడీ, పాస్‌వర్డు, ఓటీపీ వచ్చే ఫోను మూడూ ఒక్క మనిషి చేతిలో పెట్టండి. ఆ ఫోన్లోనే రీల్స్ చూసుకోనివ్వండి.

హైదరాబాద్‌లో మహేశ్ కోఆపరేటివ్ బ్యాంకు కథ మీరు విని ఉంటారు. 2022 జనవరిలో తుపాకి లేకుండా, ముసుగు లేకుండా 12 కోట్ల రూపాయలకు పైగా ఊడ్చుకుపోయారు. అంతకు రెండు నెలల ముందే ఉద్యోగులకు రెండొందలకు పైగా దొంగ మెయిళ్లు వెళ్లాయి. ఇద్దరు తెరిచారు. తెరవగానే దిగిన ప్రోగ్రాం చప్పుడు లేకుండా కూర్చుని, వీళ్లు ఏ మీట నొక్కుతున్నారో చూస్తూ, మెల్లగా సర్వరు దాకా దారి చేసుకుంది. కొన్ని ఖాతాల్లో నిల్వలు పెంచి, అక్కణ్నుంచి వందల ఖాతాలకు పంచి, దేశంలోని ఏటీఎంల నుంచి నోట్లుగా తీసుకుపోయారు. పోలీసులు వెళ్లి చూస్తే సరైన ఫైర్‌వాల్ లేదు, ఒక గది నుంచి ఇంకో గదికి గోడ లేనట్టు నెట్‌వర్కంతా ఒకటే హాలు. రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకే 65 లక్షల జరిమానా వేసింది. పోయింది దొంగకు, కట్టింది రిజర్వు బ్యాంకుకు. ఇంతటి కథలో మీకు పనికొచ్చే లెక్క ఒకటుంది: నొక్కింది ఇద్దరే కదా! మిగతావాళ్లంతా జాగ్రత్తపరులే అన్నమాట. అటువంటప్పుడు స్టాఫుకు ట్రైనింగ్ ఎందుకు, టీ ఖర్చు దండగ.

పెద్దవాళ్లకే కాలేదు, మన వల్ల ఏమవుతుంది అనే మాట కూడా దగ్గర పెట్టుకోండి, చాలా చోట్ల అక్కరకొస్తుంది. 2019 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల కరెంటు కంపెనీల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ దెబ్బకు ఆగిపోయాయి. 2020 అక్టోబరులో డాక్టర్ రెడ్డీస్ మీద దాడి జరిగింది. 2024లో తెలంగాణ పోలీసుల హాక్‌ఐ యాప్ డేటానే బయటికి పోయింది, పట్టుబడ్డవాడు ఇరవై ఏళ్ల విద్యార్థి. డాక్టర్ రెడ్డీస్ వాళ్లు దాడి తెలియగానే ప్రపంచమంతటా ఉన్న తమ డేటా సెంటర్లను విడదీసి పక్కన పెట్టారనే సంగతి మాత్రం ఎవరైనా ఎత్తితే మాట మార్చండి. అంత పెద్ద సంస్థ వైర్లు పీకేసి పని ఆపుకుందంటే, ఆపమని ఎవరో ఒకరు చెప్పగలిగారు, పైవాళ్లు విన్నారు. మన దగ్గర పొద్దున స్క్రీను మీద వింత మెసేజ్ కనబడితే కుర్రాడు ఎవరికీ చెప్పకుండా సాయంత్రం దాకా రీస్టార్టు కొట్టుకుంటూ కూర్చోవాలి. చెబితే తన మీదికే వస్తుంది కదా.

అప్‌డేట్ అడిగితే 'తర్వాత' నొక్కండి. 2017లో మైక్రోసాఫ్ట్ మార్చిలో అప్‌డేట్ ఇచ్చింది, మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చింది. మధ్యలో రెండు నెలలు 'తర్వాత' నొక్కినవాళ్ల లెక్కలు సుమారు 150 దేశాల్లో తేలాయి. దెబ్బతిన్నవాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని ఉన్నాయి. బ్యాకప్ తీసే హార్డ్ డిస్కును ఎప్పుడూ కంప్యూటరుకు తగిలించే ఉంచండి, వైరస్‌కు రెండుసార్లు తిరిగే శ్రమ తప్పుతుంది.

ఏఐని మీరు కూడా వాడుకోవాలి మరి, వెనకబడితే ఎట్లా? ఉచితంగా వచ్చే ఏఐలో మీ కస్టమర్ల పట్టికంతా, ఆధార్ నంబర్లతో సహా, అతికించి 'వీళ్లందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు రాయి' అనండి. 2023లో శాంసంగ్ ఇంజనీర్లు కంపెనీ కోడ్ తీసుకెళ్లి చాట్‌జీపీటీలో వేశారు, దాంతో ఆ కంపెనీ అలాంటి ఏఐల వాడకాన్నే ఆపేసింది. ఎక్కువ చదువుకున్నవాళ్లు చేసిన పనే మనమూ చేస్తున్నామంటే గర్వపడాలి.

వెంచర్ వెబ్‌సైటులో చాట్‌బాట్ ఒకటి పెట్టండి. రాత్రి రెండింటికి న్యూజెర్సీ నుంచి అడిగినా జవాబివ్వాలి కదా. లేఅవుట్ పర్మిషన్ ఉందా అంటే ఉందంటుంది. చెరువు బఫర్ జోన్ కాదు కదా అంటే కాదంటుంది. మెట్రో వస్తుందా అంటే స్టేషను ఎక్కడో కూడా చెబుతుంది. ఎవరైనా రెరాకు వెళితే 'అది బాట్ చెప్పింది, మేం చెప్పలేదు' అనండి. ఎయిర్ కెనడా కూడా అదే అన్నది. ఇంట్లో చావు జరిగి ప్రయాణమైన మనిషికి వాళ్ల చాట్‌బాట్ టిక్కెట్టు రాయితీ గురించి తప్పు చెప్పింది. తన మాటలకు ఆ బాటే బాధ్యురాలన్నట్టు కంపెనీ వాదించింది. 2024లో ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి, డబ్బు కట్టమంది. కెనడా చలిదేశం, అక్కడి న్యాయం వేరు. రియల్ ఎస్టేటులో మన బ్రోచర్ల మాటలకు ఎవరు బాధ్యులో 2016 రెరా చట్టంలోనే రాసి ఉంది గనుక, చట్టం చదివే అలవాటున్న వకీలును దగ్గరకు రానివ్వకండి.

ఈ మధ్య ఏఐ సెక్యూరిటీ అని డబ్బా ఒకటి పట్టుకుని సేల్స్ కుర్రాళ్లు వస్తున్నారు. కొనండి. తెరవకుండా బీరువా మీద పెట్టండి. కస్టమరు కూర్చునే కుర్చీకి ఎదురుగా ఉంటే ఇంకా మంచిది.

ఇన్ని చేశాక ఫలితం రాకుండా ఎక్కడికి పోతుంది? ఒకరోజు పొద్దున అకౌంటులో డబ్బు ఉండదు, లేదా ఫైళ్లన్నీ తెరుచుకోకుండా మొండికేస్తాయి. అప్పుడు ఏం చేయకూడదో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలట, మొదటి గంటలో చేస్తే డబ్బు వెళ్లిన ఖాతాలో ఆపే అవకాశం ఎక్కువట, ఆ గంటను గోల్డెన్ అవర్ అంటారట. తెలంగాణలో దీనికోసం సైబర్ సెక్యూరిటీ బ్యూరో అని ప్రత్యేకంగా పెట్టారు కూడా. సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు దాడి సంగతి ఆరు గంటల్లో తెలపాలి, కంప్యూటరు లాగ్‌లు 180 రోజులు దాచాలి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో, జనం వివరాలు జాగ్రత్త చేయనివాళ్లకు 250 కోట్ల దాకా జరిమానా రాశారు. మన దగ్గర ఏముంది అన్నాం కదా, ఆ జిరాక్సుల గురించే.

మీరు ఆ మొదటి గంటను ఇలా వాడండి. పది నిమిషాలు, ఎవరి తప్పో తేల్చడానికి. ఇరవై నిమిషాలు, అకౌంట్స్ కుర్రాడిని కూర్చోబెట్టి అరవడానికి. బ్యాంకు హెల్ప్‌లైన్ నంబరు పాసుబుక్కు మీద చూడకుండా గూగుల్‌లో వెతకండి, మొదట వచ్చిన నంబరుకే చేయండి. తెలిసిన కంప్యూటరు కుర్రాడిని పిలిచి మొత్తం ఫార్మాట్ కొట్టించండి, దొంగ జాడ కూడా దాంతోపాటే పోతుంది. పరువు పోతుందని బావమరిదికి తప్ప ఎవరికీ చెప్పకండి. ఆయన సాయంత్రానికల్లా ఊరంతా చెబుతాడు, పోలీసులకు మాత్రం చెప్పడు.

రెండు మూడు రోజులకు మీకొక ఫోన్ వస్తుంది. ఢిల్లీ నుంచి, సైబర్ రికవరీ ఆఫీసరు గారు. మంచి తెలుగులో, ఎంతో మర్యాదగా మాట్లాడతారు. మీకు ఎంత పోయిందో, ఏ రోజు పోయిందో పైసాతో సహా చెబుతారు, ఎట్లా తెలిసిందని అడగకండి. మొత్తం తిరిగి వస్తుందట, ముందు పది శాతం ఫీజు కట్టి, తాను పంపే యాప్ ఒకటి ఫోన్లో వేసుకోవాలట. అకౌంట్స్ కుర్రాడు పక్క నుంచి "సార్, ఒక్కసారి స్టేషన్‌ల అడుగుదామా" అంటాడు. వాణ్ని బయటికి పంపి, లింకు నొక్కండి.